నల్లమలలో వేట ఎవరిది.. అడవి ఎవరిది?

నందికొండ: నాగార్జునసాగర్ జలాశయం గట్టున నిలబడి ఎగువకు చూస్తే కృష్ణానదికి ఇరువైపులా కనిపించే కొండల వరుస నల్లమలకు తలవాకిలి. ఇక్కడి నుంచి చందంపేట, దేవరకొండ గుట్టల మీదుగా అమ్రాబాద్ పీఠభూమి వరకు పరుచుకున్న అభయారణ్యంలో వేట నిషిద్ధం. కుందేలుకు ఉచ్చు పెట్టినా జైలుకు వెళ్లవలసిందే. అదే అడవి అంచున పంటలు పాడుచేసే అడవి పందిని కాల్చడానికి మాత్రం తుపాకీ లైసెన్సు ఉన్నవారికి ప్రభుత్వమే దారి చూపింది. తరతరాలుగా విల్లు పట్టిన చెంచుల పేరు ఈ ఏర్పాట్లలో ఎక్కడా కనిపించదు. పెంటల్లోనూ, పల్లెల రచ్చబండల వద్దనూ, వేట సరదా ఉన్న పట్టణవాసుల మధ్యనూ ఈ విషయంపై వాదన సాగుతూనే ఉంది. ఎవరు మొదలుపెట్టినా అది చివరకు ఒకే ప్రశ్న వద్దకు చేరుతోంది. అడవి విషయంలో చెల్లవలసిన మాట ఎవరిది?

రాజు వేట, చెంచు వేట

స్వాతంత్ర్యానికి పూర్వం అమ్రాబాద్ అడవుల్లో కొంత భాగం నిజాం ప్రభువుల వేటకు ప్రత్యేకించిన ప్రాంతం. మన్ననూరు దాటిన తరువాత వచ్చే ఫరహాబాద్ అప్పటి విడిది స్థలమే. నేడు యాత్రికులు లోయ అందాలు చూసేందుకు ఆగుతున్న చోట ఒకనాడు దొరల తుపాకులు పేలేవి. పులిని కొట్టడం ఆనాడు నేరం కాదు, హోదాకు గుర్తు. అయితే అడవిలో జంతువుల జాడ తెలిసినవారు చెంచులే గనుక దొర వేటకు వారి కాలిబాట తప్పనిసరి అయ్యేది.

1940లో ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య నివసించి వారి జీవితాన్ని నమోదు చేశారు. ఆయన గ్రంథం 1943లో వెలువడింది. చెంచులంటే వేటగాళ్లని బయట ప్రచారం ఉన్నప్పటికీ, వారి కడుపు నింపేది ప్రధానంగా గడ్డలు, పండ్లు, ఆకులు, తేనె అని ఆయన పరిశీలనలో తేలింది. వేట దొరికిన నాడు పండుగ. దొరికిన మాంసంలో ఒక ముక్క గారెల మైసమ్మకు సమర్పించిన తరువాతే మిగిలినది పంచుకునేవారు. విల్లు, బాణాలు, వెంట కుక్కలు తప్ప పెద్ద సరంజామా వారికి లేదు. హైమన్‌డార్ఫ్ సిఫారసు మేరకు 1940వ దశకంలో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేక ప్రాంతంగా కేటాయించింది. అటవీ చట్టాల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. వేటాడి, ఏరుకుని బతికేవారికి ఆ భూమిపై ఒక హక్కు ఉన్నదని ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భమది. తరువాతి కాలంలో వచ్చిన చట్టాలు ఆ మాటను దాదాపు మరచిపోయాయి.

లైసెన్సు నుంచి నిషేధానికి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నేటి నిబంధనలకు మూలం. అప్పట్లో అడవులు, వన్యప్రాణులు రాష్ట్రాల పరిధిలోని అంశాలు. తమ తరఫున చట్టం చేయవలసిందిగా పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన 11 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా ఈ రెండు అంశాలు ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. అంటే నల్లమలలో జంతువు విషయమై హైదరాబాద్ ఒక్కటే కాక ఢిల్లీ కూడా నిర్ణయం చేయగల స్థితి ఏర్పడింది.

నేడు చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. 1972 చట్టం వేటను పూర్తిగా నిషేధించలేదు. పెద్ద జంతువుకు ఒక లైసెన్సు, చిన్న జంతువుకు ఒక లైసెన్సు అంటూ అనుమతులకు వీలు కల్పించింది. లైసెన్సుకు దరఖాస్తు, రుసుము, తుపాకీ కావాలి. అవి పట్టణంలోని షికారీకి ఉన్నాయి, పెంటలోని చెంచుకు లేవు. ఈ లైసెన్సుల పద్ధతిని 1991 సవరణతో రద్దు చేశారు. ఆ విధంగా దొర వేట, చెంచు వేట ఒకే నేరంగా మారాయి. మొదటివాడు కోల్పోయింది వినోదం. రెండవవాడు కోల్పోయింది కూర.

ఈలోగా 1978లో కృష్ణానదికి ఇరువైపులా ఉన్న అడవిని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. 1992లో రాజీవ్‌గాంధీ పేరు పెట్టారు. నల్గొండ, మహబూబ్‌నగర్, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో 3,568 చదరపు కిలోమీటర్లు విస్తరించిన ఈ ప్రాంతం దేశంలోని అతిపెద్ద పులుల అభయారణ్యంగా పేరుగాంచింది. 2014లో రాష్ట్ర విభజనతో నదికి ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం పేరుతో తెలంగాణకు వచ్చింది. దాని కోర్ ప్రాంతం 2,166 చదరపు కిలోమీటర్లు, బఫర్ 445 చదరపు కిలోమీటర్లు. 2016 జిల్లాల పునర్విభజన తరువాత ఇది నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల పరిధిలో ఉంది. 2022 జాతీయ పులుల గణన ప్రకారం తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు ఉన్నట్లు అంచనా. పులికి రాష్ట్ర సరిహద్దు తెలియదు గనుక నది ఈదిన పులి ఎవరి లెక్కలోకి వస్తుందన్నది అధికారుల మధ్య నడిచే వేరే కథ.

నికోబార్‌కు ఉన్నది నల్లమలకు లేదు

వన్యప్రాణి చట్టంలోని 65వ సెక్షను నికోబార్ దీవుల గిరిజనులకు ఉన్న వేట హక్కులకు భంగం కలగదని చెబుతుంది. దేశంలో మిగిలిన ఆదివాసులకు అటువంటి వాక్యం లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలోనైనా ఈ లోటు తీరుతుందని కొందరు ఆశించారు. ఆ చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటాడే హక్కును, ఉచ్చులు పెట్టే హక్కును, జంతువు శరీర భాగాలను సేకరించే హక్కును స్పష్టంగా మినహాయించింది. భూమి, తేనె, చేపలు, మేత వంటివన్నీ హక్కులయ్యాయి. వేట మాత్రం కాలేదు.

ఇది న్యాయమా అన్న విషయంలో చెంచుల శ్రేయస్సు కోరేవారిలోనే ఏకాభిప్రాయం లేదు. ఉడుమునో కుందేలునో కొట్టి తినేవాడిని, పులి చర్మం కోసం వచ్చే స్మగ్లరును ఒకే సెక్షను కింద నిలబెట్టడం తగదని ఒక వాదన. అభయారణ్యంలో వేటకు మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. అడవిలో ఏరుకుని బతికే కుటుంబానికి ఆ జరిమానా కట్టడం అయ్యే పని కాదు. రెండవ వాదన కూడా తీసిపారవేయదగినది కాదు. ఒకప్పటి విల్లు స్థానంలో నేడు బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చులు, నాటు బాంబులు, కరెంటు తీగలు వచ్చాయి. వీటికి దుప్పి అని, పులి అని తేడా లేదు. మనిషని కూడా లేదు. రాత్రిపూట పొలం చుట్టూ కట్టిన తీగ తగిలి రైతులే ప్రాణాలు కోల్పోయిన ఘటనలు తెలుగు జిల్లాల్లో ఏటా వార్తలవుతున్నాయి. మాంసానికి ధర పలికే చోట సంప్రదాయం పేరిట తలుపు తీస్తే లోపలికి వచ్చేది చెంచు కాదు, వ్యాపారి అని అటవీ సిబ్బంది భయం. ఆ భయానికి కారణం ఉంది. అయితే ఉచ్చు ఎక్కడ ఉన్నదో మొదట పసిగట్టేది కూడా చెంచు కన్నే. అందుకే అటవీశాఖ పులి జాడలు తీసేందుకు, బేస్ క్యాంపుల్లో కాపలాకు చెంచు యువకులను నియమించుకుంటున్నది. నిజాం కాలంలో పులిని చూపించినవారి మనుమలు, మునిమనుమలు నేడు పులిని కాపాడుతున్నారు. ఆ జీతాలు క్రమం తప్పకుండా అందితే అడవికి అంతకు మించిన కాపలా లేదు.

అడవి పంది రాజకీయం

చర్చ వేడెక్కేది అడవి పంది దగ్గర. వేరుశనగ, మొక్కజొన్న, వరి వేసే రైతుకు అటవీ చట్టాల చరిత్రతో పని లేదు. తెల్లవారేసరికి మడి దున్నినట్లు కనిపిస్తుంది, అంతే. 2022 సవరణ తరువాత అడవి పంది చట్టంలోని రెండవ షెడ్యూలులో ఉంది. అంటే రక్షిత జంతువే. అయితే ప్రాణానికి, పంటకు ముప్పు ఉన్నప్పుడు చంపేందుకు అనుమతినిచ్చే అధికారం 11వ సెక్షను కింద అటవీశాఖకు ఉంది. 62వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చు.

ఈ ప్రకటన దేశ రాజకీయాలను కుదిపిన సందర్భం ఉంది. బిహార్‌లో నీల్‌గాయిలను, అడవి పందులను ఆ జాబితాలో చేర్చగా, 2016 జూన్‌లో అక్కడ హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీఖాన్ బృందం నీల్‌గాయిలను కాల్చివేసింది. దీనిపై కేంద్ర మంత్రులైన మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ బహిరంగంగానే విభేదించారు. ఒకే మంత్రివర్గంలోని ఇద్దరు ఒక జంతువు విషయమై ఎదురెదురు నిలవడం అప్పట్లో పెద్ద వార్త. రాష్ట్రాలు అడిగితేనే అనుమతిస్తున్నామని జవదేకర్ వాదన. 2018 నవంబరు 2న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని షఫత్ కుమారుడు అస్గర్ కాల్చి చంపడంతో ఆ వివాదం మళ్లీ రాజుకుంది. మత్తుమందు ఇచ్చి పట్టుకునే ప్రయత్నం ఏ మేరకు జరిగిందన్నదే నాటి ప్రధాన ప్రశ్న. ఒక హైదరాబాదీ కుటుంబం దేశమంతటా వేట చర్చకు కేంద్రబిందువు కావడం యాదృచ్ఛికమేమీ కాదు. నిజాం నాటి షికారు సంప్రదాయం ఆ నగరంలో పూర్తిగా కనుమరుగు కాలేదు.

తెలంగాణలో 2021లో అడవి పందులను చంపేందుకు అనుమతినిచ్చే అధికారాన్ని ప్రభుత్వం గ్రామ సర్పంచులకు కల్పించింది. కేరళ 2022లో ఇదే బాట పట్టింది. రైతుకు రేంజి కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తప్పుతుందని అనుకున్నారు. కానీ పదవీకాలం ముగిసి 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా తెలంగాణ పల్లెల్లో సర్పంచులే లేరు. పంది మాత్రం ప్రత్యేకాధికారి సంతకం కోసం ఆగలేదు. పైగా అనుమతి వచ్చినా కాల్చేది లైసెన్సు తుపాకీ. ఈ ప్రాంతపు పల్లెల్లో తుపాకీ అంటే తుపాకి రాముడి భుజాన ఉండే కర్ర తుపాకీయే గుర్తుకు వస్తుంది. షూటరు పట్టణం నుంచి రావాలి. ఆ రాకపోకలకు విసిగి కొందరు రైతులు కరెంటు తీగ వైపు చూస్తున్నారు. అది నేరం, ప్రాణాంతకం కూడా.

యురేనియం వేళ ఒక్కటైన గొంతులు

వేట విషయంలో ఎడమొహం పెడమొహంగా ఉండేవారంతా ఒకే వరుసలో నిలబడిన సందర్భం లేకపోలేదు. నందికొండకు చేరువలోని లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం తవ్వకాల ప్రతిపాదనపై 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు స్థానికులు తీవ్రంగా వ్యతిరేకించారు. సాగర్ జలాశయం నీటిని తాగే హైదరాబాద్ వాసులకూ ఆ ఆందోళన తాకింది. తరువాత అమ్రాబాద్ వంతు వచ్చింది. పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. చెంచు పెంటలు, పర్యావరణవేత్తలు, విద్యార్థులు, సినీ ప్రముఖులు, అన్ని రాజకీయ పక్షాలు నల్లమలను కాపాడాలంటూ కదిలాయి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది.

ఆ ఉద్యమంలో గమనించవలసినది ఒకటున్నది. పులి పేరుతో అడవిని అడిగినవారు, పొట్ట పేరుతో అడవిని అడిగినవారు ఆ కొద్ది నెలలు ఒకరి మాట ఒకరు విన్నారు. కుందేలు కోసం కేసు పెట్టే యంత్రాంగం గనుల కోసం బోరు వేసేందుకు ఎలా ఒప్పుకుంటుందని చెంచులు అడిగిన ప్రశ్నకు పట్టణాల్లోని వన్యప్రాణి ప్రేమికులు కూడా తలూపవలసి వచ్చింది.

ఇటువంటి కూటములు ఇతర దేశాలలో కొత్త కాదు. అమెరికాలో వేటగాళ్లే ప్రభుత్వ భూముల పరిరక్షణకు పెద్ద గొంతు. అక్కడ 1937 నాటి ఒక చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను వన్యప్రాణి సంరక్షణకు వెళుతుంది. 2025లో పశ్చిమ రాష్ట్రాల ప్రభుత్వ భూములను అమ్మే ప్రతిపాదన సెనేటులో రాగా వేటగాళ్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. డబ్బు కట్టి వేటాడే సంపన్నుల దేశానికీ, గడ్డలు తవ్వుకునే పెంటకూ పోలిక చాలా దూరం వెళ్లదు. కానీ అడవిని వాడుకునేవాడే దానికి కాపలా ఉంటాడన్న సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

తరలింపు: అసలు పరీక్ష

వేట చర్చ కంటే పెద్ద ప్రశ్న ఇప్పుడు కోర్ ప్రాంతంలోని గ్రామాల తరలింపు. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం తరలింపు స్వచ్ఛందంగా, పరస్పర అంగీకారంతో జరగాలని చెబుతుంది. అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసి, ముందుగా హక్కులు గుర్తించాలనీ, గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలుసుకుని రాతపూర్వకంగా ఒప్పుకోవాలనీ, కొత్త చోట సదుపాయాలు పూర్తయ్యేదాకా కదిలించరాదనీ నిర్దేశించింది. కుటుంబానికి 2008లో పది లక్షలుగా ఉన్న పరిహారాన్ని 2021లో పదిహేను లక్షలకు పెంచారు. అమ్రాబాద్‌లో సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి గ్రామాల పేర్లు తరలింపు జాబితాలో వినబడుతూ వస్తున్నాయి.

ఢిల్లీ నుంచి వచ్చే ఉత్తర్వులు ఈ భయాన్ని తగ్గించలేదు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2017 మార్చిలో కోర్ ప్రాంతాల్లో అటవీ హక్కులు ఇవ్వరాదని సర్క్యులర్ పంపింది. ఏడాదికి దానిని ఉపసంహరించుకుంది. 2019 ఫిబ్రవరి 13న హక్కు పత్రాలు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలన్న సుప్రీంకోర్టు ఆదేశం వచ్చి, రెండు వారాలకు నిలిచిపోయింది. 2024 జూన్‌లో అదే సంస్థ 19 రాష్ట్రాలలోని కోర్ ప్రాంతాల్లో ఉన్న 591 గ్రామాలు, 64,801 కుటుంబాల తరలింపుకు కాలపట్టిక కోరింది.

వెళ్లాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి. పిల్లల చదువు, ఆసుపత్రి, రోడ్డు అడగడం తప్పు కాదు. పదిహేను లక్షలు చూసి మైదానానికి వచ్చి, డబ్బు అయిపోయాక కూలికి పోయే పరిస్థితి వస్తుందేమోనన్న సంశయం కూడా అబద్ధం కాదు. చెంచుకు లెక్క తెలిసినది అడవిలోని రుతువులు. బ్యాంకు పాసుపుస్తకం కాదు. సలేశ్వరం లింగమయ్య జాతరకు ఏడాదికి కొద్ది రోజులు లక్షలాదిగా వచ్చే భక్తులను అనుమతించే అడవిలో, ఏడాది పొడవునా ఉండే కొన్ని వందల కుటుంబాలు పులికి అడ్డు అవుతాయా అని పెంటవాసులు అడిగితే సమాధానం చెప్పడం అంత తేలిక కాదు. కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ కొండల్లో పులుల అభయారణ్యంలోనే ఉన్న సోలిగలకు 2011లో సామూహిక హక్కులు గుర్తించారు. తరలింపు తప్ప వేరే మార్గం లేదనడానికి ఆ ఉదాహరణ ఎదురు నిలుస్తుంది.

గ్రామసభకు ఉన్న అధికారాలు

చట్టరీత్యా రెండు జిల్లాల పరిస్థితి ఒకటి కాదు. పాత అచ్చంపేట తాలూకాలోని పలు గ్రామాలు ఐదవ షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి గనుక అక్కడ 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. నల్గొండ జిల్లాలో షెడ్యూలు ప్రాంతం లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం రెండు చోట్లా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిలో ఉన్న గిరిజనులు వ్యక్తిగత హక్కుకు ‘ఎ’ ఫారం, సామూహిక హక్కుకు ‘బి’ ఫారం, సామూహిక అటవీ వనరులకు ‘సి’ ఫారం గ్రామసభకే ఇవ్వాలి. చెంచులు అతి బలహీన గిరిజన వర్గాల జాబితాలో ఉన్నందున వీటితోపాటు తమ మొత్తం ఆవాస ప్రాంతంపై హక్కు కోరవచ్చు. దేశంలో ఈ ఆవాస హక్కు మొదట మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లా బైగాలకు దక్కింది.

గ్రామసభ చెల్లాలంటే సభ్యులలో సగం మంది హాజరు కావాలి, హాజరైనవారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. పది మంది సంతకాలతో తెచ్చిన తీర్మానం, అది తరలింపుకు ఒప్పుకోలైనా సరే, ఈ లెక్క తప్పితే నిలవదు. తిరస్కరణ ఎదురైతే 60 రోజులలోగా డివిజను స్థాయి కమిటీకి, అక్కడా కాకపోతే మరో 60 రోజులలోగా కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కరణకు కారణాలను రాతపూర్వకంగా తెలపవలసిన బాధ్యత అధికారులపై ఉంది. నోటిమాటగా వచ్చే సమాధానంతో గడువు లెక్క మొదలు కాదు గనుక, దరఖాస్తుదారులు ముందుగా ఆ కాగితం అడిగి తీసుకోవడం అవసరం.